ఊరే యజమాని!

అమెరికాలో గ్రీన్ బే చిన్న ఊరు, జనాభా లక్ష పైచిలుకు. అయినా మహానగరాలతో తలపడే ఫుట్‌బాల్ జట్టుంది దానికి. (అక్కడి ఫుట్‌బాల్ అంటే కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట లెండి!) 1919లో మాంసం డబ్బాల కంపెనీ ఒకటి ఆటగాళ్ల చొక్కాలకు డబ్బిచ్చింది. అందుకే జట్టు పేరు ప్యాకర్స్.

డబ్బుకి కటకటలాడుతుంటే 1923లో ఊరివాళ్లే వాటాలు కొని నిలబెట్టారు. ఆ వాటాలపై పైసా లాభం రాదు, పైవాళ్లకి అమ్ముకోవడానికీ లేదు. అయినా ఇవాళ అయిదు లక్షలమందికి పైగా వాటాదారులున్నారు. ఒక్క ధనవంతుడి సొత్తయితే ఏనాడో పెద్ద నగరానికి తరలిపోయేదే!

స్టేడియం 1957 నాటిది. జట్టును స్థాపించినవారిలో ఒకరైన కర్లీ లాంబో పేరు 1965లో పెట్టారు. 1967 డిసెంబరు 31న సున్నాకి 25 డిగ్రీలు దిగువన చలి. యాభైవేల మంది బిగుసుకుపోతూనే ఆట చూశారు, జట్టూ గెలిచింది! ఇప్పటికీ మంచు కురిస్తే ఊరివాళ్లు కూలికి వచ్చి, పారలతో ఎత్తిపోస్తారు. సీజన్ టిక్కెట్ల కోసం పసిపిల్లల పేర్లు కూడా ముందే రాయిస్తారట.