మాగ్డెబర్గ్ ఖాళీ చేస్తూ

జర్మనీలో ఇల్లు ఖాళీ చేస్తున్నానని ఈమెయిల్లో చెబితే చెల్లదు. కాగితం మీద రాసి, కింద కలంతో సంతకం పెట్టి, ఓనరు చేతికి అందేలా పంపాలి. అదీ మూడు నెలల ముందు. నెలలో మూడో పనిదినం లోపు చేరకపోతే ఇంకో నెల అద్దె మీద పడుతుంది. ఆగస్టు ఆఖరుకి వెళ్ళిపోవాలంటే జూన్ మొదట్లోనే ఉత్తరం పోస్టులో పడాలన్నమాట. అప్పటికి నేను విమానం టికెట్టయినా కొనలేదు. తెనాలిలో అమ్మానాన్నలకి సగం సగమే చెప్పాను. నా ప్రయాణం సంగతి అందరికంటే ముందు పూర్తిగా తెలిసింది ఇంటి ఓనరుకే.

ఆ ఉత్తరం వెనక ఇంకా చాలా బయల్దేరాయి. ఇంటర్నెట్ వాళ్ళకొకటి, జిమ్‌కొకటి, ఆరోగ్య బీమాకొకటి, బ్యాంకుకొకటి. నెలకి 18.36 యూరోల రేడియో, టీవీ చందా ఒకటుంది. ఇంట్లో టీవీ ఉన్నా లేకపోయినా, ఇల్లంటూ ఉంటే కట్టాల్సిందే. వీళ్ళందరూ అడిగేది ఒకే కాగితం, ఆప్‌మెల్డుంగ్. ఈ మనిషి దేశం వదిలి పోతోందని నగరపాలక ఆఫీసు రాసిచ్చే పత్రం అది. దాన్ని ఇల్లు వదలడానికి వారం ముందు నుంచే ఇస్తారు, అంతకుముందు అడిగితే ఇవ్వరు. కాబట్టి ఎంత ముందుచూపుతో మొదలుపెట్టినా అన్నీ వచ్చి ఆఖరి వారం నెత్తినే కూర్చుంటాయి. మూడేళ్ళ కిందట ఇక్కడ దిగిన వారంలోనూ ఇవే ఆఫీసులు తిరిగాను. అప్పుడు ప్రతిచోటా ఉన్నానని నిరూపించుకోవాలి, ఇప్పుడు లేనని.

మాది తూర్పు జర్మనీ కాలంలో కట్టిన అపార్ట్‌మెంటు. అయిదంతస్తులు, లిఫ్టు లేదు, నా గది అన్నిటికంటే పైన. బల్ల, కుర్చీ, పుస్తకాల అర అమ్మకానికి ఆన్‌లైన్‌లో పెట్టాను. వచ్చే సందేశాల్లో పలకరింపు ఉండదు, "ఆఖరి రేటు?" అని రెండు ముక్కలు, అంతే. బల్ల కోసం మాత్రం ఒక పెద్దావిడ స్వయంగా మెట్లెక్కి వచ్చింది. టేపు తీసి పొడవూ వెడల్పూ కొలిచి, ప్రకటనలో రాసినదానికి సరిపోయిందని తలూపింది. సంచిలోంచి తన స్క్రూడ్రైవరే తీసి కాళ్ళు ఊడదీసింది. బేరమాడకుండా డబ్బిచ్చి, నేను పట్టుకుంటానన్నా వినకుండా ఒక కాలు చంకలో పెట్టుకుని దిగింది.

వంటసామాను అమ్మకం లేదు. అది మా తెలుగు విద్యార్థుల్లో ఎవరూ రాయని కట్టుబాటు. అక్టోబరులో కొత్త బ్యాచ్ దిగుతుంది, పోయేవాళ్ళు వచ్చేవాళ్ళ చేతుల్లో పెడతారు. నా దగ్గరున్న మూడు లీటర్ల కుక్కర్ అలా వచ్చిందే. అడుగున చాకుమొనతో గీసిన ఇంటిపేర్ల పొడి అక్షరాలుంటాయి: కె, వై, ఎం. 'కె' గారెవరో నేను చూడలేదు, స్టుట్‌గార్ట్‌లో ఉన్నారని వినికిడి. పిడి ఊడినప్పుడెప్పుడో ఎవరో ఇక్కడి హార్డ్‌వేర్ షాపు స్క్రూ బిగించారు. దాని తల మూతకంటే ముందు కనిపిస్తుంది. గ్యాస్కెట్ మాత్రం ఇంటినుంచి వచ్చేవాళ్ళు తేవాల్సిందే. కరీంనగర్ నుంచి వచ్చి ఏడాది కూడా కాని ఒక తమ్ముడు తీసుకోవడానికి వచ్చాడు.

"అక్కా, ఇండక్షన్ మీద నడుస్తదా?"

"నడవదు తమ్ముడూ, అల్యూమినియంది."

"మా దాంట్ల ఇండక్షనే ఉందక్కా. మరి నాకెందుకు?"

"నీ తరవాతి వాడింట్లో మామూలు స్టవ్వు ఉండొచ్చుగా."

వాడు కాసేపు ఆలోచించి, ఇడ్లీ రేకులు కూడా ఉంటే ఇమ్మన్నాడు. నా అక్షరం గీయడానికి చాకు కోసం చూస్తే, చాకులు అప్పటికే వేరే అమ్మాయి పట్టుకెళ్ళింది.

మిగిలిన కప్పులూ దీపం బుడ్డీ అట్టపెట్టెలో వేసి, ఊరికే తీసుకోండని జర్మన్‌లో రాసి గుమ్మం ముందు పెడితే సాయంత్రానికి పెట్టెతో సహా మాయం.

ఎందుకు వెళ్ళిపోతున్నానో చెప్పాలంటే ఈ ఊరి సంగతి కొంచెం చెప్పాలి. 2022 మార్చిలో ఇంటెల్ కంపెనీ మాగ్డెబర్గ్‌లో చిప్పుల కర్మాగారం పెడతానని ప్రకటించింది. ఆ అక్టోబరులో నేను ఎలక్ట్రికల్ మాస్టర్స్‌లో చేరాను. మా బ్యాచ్‌లో ఈ ఊరు ఎంచుకున్నవాళ్ళలో చాలామంది మనసులో ఆ ఫ్యాక్టరీ ఉంది. వెయ్యేళ్ళు దాటిన ఊరు, మొదటి ఆటో చక్రవర్తి సమాధి ఉన్న చర్చి, గాలిని తోడేసిన గోళాలతో గుర్రాల్ని ఓడించిన గ్యూరికే పేరున యూనివర్సిటీ, ఇవన్నీ వచ్చాక తెలుసుకున్నాం. మరుసటి ఏడాది పెట్టుబడి 30 బిలియన్ యూరోలకి పెరిగింది, అందులో 9.9 బిలియన్లు ప్రభుత్వం ఇస్తానంది. ఒక ఆదివారం స్నేహితులతో సైకిళ్ళ మీద ఆ స్థలం చూసొచ్చాను. ఊరికి నైరుతిన ఉన్న ఆ నేలని బ్యోర్డె అంటారు, జర్మనీలోకెల్లా సారవంతమైన భూముల్లో ఒకటి. మా గుంటూరు జిల్లా నల్లరేగడి లాగే ఉంది. మట్టి చేతిలోకి తీసుకుని, దీన్లో చిప్పులెందుకు, మిరప వేసుకోక అన్నాను. అందరూ నవ్వారు. 2024 సెప్టెంబరులో పని రెండేళ్ళు వాయిదా పడింది. 2025 జులైలో మొత్తానికి రద్దయింది.

రద్దు వార్త వచ్చేసరికే ఇల్లు ఖాళీ చేస్తున్నానన్న నా ఉత్తరం ఓనరు దగ్గరుంది కాబట్టి, కారణం ఇంటెల్ అని చెప్పుకోలేను. హైదరాబాద్‌లో చిప్ వెరిఫికేషన్ పని వచ్చింది, అది నాకు నచ్చిన పని. ఇంతకంటే పెద్ద కారణం లేదు. కానీ ఇంత చిన్న కారణంతో ఎవరూ ఊరుకోరని బంధువుల ఇళ్ళకి వెళ్ళినప్పుడు తెలిసింది.

డ్యూసెల్డార్ఫ్ దగ్గర రాటింగెన్‌లో మా బాబాయి ఉంటాడు. నాన్నకి సొంత తమ్ముడు. "వస్తాను బాబాయ్" అంటూనే మూడేళ్ళు గడిపి, ఇప్పుడు వెళ్ళకపోతే ఇంట్లో పరువుండదని ఆగస్టులో బయల్దేరాను. పట్టా చేతికొచ్చి యూనివర్సిటీ పేరు కొట్టేయడంతో విద్యార్థి పాసు పోయింది. 58 యూరోలు పెట్టి డాయిచ్‌లాండ్ టికెట్టు కొన్నాను. దీన్ని పదో తారీకులోపు రద్దు చేసుకోకపోతే వచ్చే నెల డబ్బులూ లాగేస్తుంది. అందుకని కొన్న చేత్తోనే రద్దు కూడా చేశాను. ఆ టికెట్టుతో స్పీడు రైళ్ళు ఎక్కనివ్వరు, ప్యాసింజర్లే గతి. బ్రౌన్‌ష్వైగ్‌లో మారి, హానోవర్ మీదుగా మిండెన్ వెళ్ళి, అక్కడ ఇంకోటి ఎక్కాను. మినపసున్నుండల డబ్బా ఒళ్ళో ఉంది. బాబాయి కూతురు ఫోన్ చేసి ఎక్కడున్నావని జర్మన్‌లోనే అడిగింది. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి జర్మన్ దగ్గర. రైలు ఆలస్యమన్నాను. "హైదరాబాద్‌లో రైళ్ళు టైముకొస్తాయా?" అంది. 2024లో ఈ దేశపు దూరప్రయాణ రైళ్ళలో సమయానికి చేరినవి 62.5 శాతమే. కాబట్టి ధైర్యంగా వస్తాయనేశాను.

బాబాయి వచ్చింది 2001లో. అంతకుముందు ఏడాది ఆగస్టులో ఛాన్సలర్ ష్రోడర్ ప్రభుత్వం కంప్యూటర్ నిపుణుల కోసం గ్రీన్‌కార్డు పథకం పెట్టింది. 20,000 మంది దాకా, అయిదేళ్ళ గడువు. అదే ఏడాది బాబాయి వాళ్ళ రాష్ట్రం ఎన్నికల్లో ప్రతిపక్ష అభ్యర్థి రూట్‌గెర్స్ ఇండియన్లని తెచ్చుకునే బదులు మన పిల్లలకే నేర్పుకుందామని ప్రచారం చేశాడు. ఓడిపోయాడు. 2005లో మళ్ళీ నిలబడి ముఖ్యమంత్రి అయ్యాడు. అప్పటికి బాబాయి శాశ్వత నివాసం కాగితాలు పెట్టుకుంటున్నాడు. "అయిదేళ్ళకని వచ్చానమ్మా" అని ఈ కథంతా కారులో చెప్పి, ఇంటి ముందు కారాపి అడిగాడు: "ఇంతకీ ఎందుకెళ్తున్నావు?"

ఉద్యోగం చూసుకోడానికి చదువయ్యాక ఇచ్చే 18 నెలల గడువులో ఏడాది పైనే మిగిలి ఉంది. దాన్ని వదులుకోవడం బాబాయికి పండిన చేను వదిలేసినట్టుంది. పిన్ని అంతసేపు ఆగలేదు. గుమ్మంలోనే చేతులు పట్టుకుని, "సంబంధమేమైనా కుదిరిందా? మీ అమ్మ నాకు మాటమాత్రం చెప్పలేదే!" అంది. లేదంటే నమ్మలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ, పోనీ ఆ క్రిస్మస్ సంగతితో భయపడ్డావా అని గొంతు తగ్గించింది. 2024 డిసెంబరు 20న మా ఊరి క్రిస్మస్ బజారులోకి ఒకడు కారు తోలుకుంటూ పోయాడు. ఆరుగురు పోయారు, గాయపడ్డవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. ఆ రాత్రి పిన్ని చేసిన ఫోన్లకి లెక్కలేదు. ఆ తరవాత కొన్ని నెలలు చీకటి పడ్డాక ట్రాము ఎక్కాలంటే మాకూ జంకే. కానీ వెళ్ళడానికి అదీ కారణం కాదు.

శనివారం రాత్రి నాలుగు తెలుగు కుటుంబాల్ని భోజనానికి పిలిచారు. బాల్కనీ తొట్లలో పిన్ని పెంచిన గోంగూరతో పచ్చడి, చేపల పులుసు. అందరూ వరసగా అదే ప్రశ్న. మ్యూనిక్‌లో ప్రయత్నించావా? జర్మన్ ఇంకో మెట్టెక్కితే చాలు కదా? హైదరాబాద్ ట్రాఫిక్ చూశావా? తప్పు చేస్తున్నావమ్మా అని అందరికంటే గట్టిగా అన్న అంకుల్, చేతులు కడుక్కునే దగ్గర నన్ను పక్కకి పిలిచాడు. "నీకు తెలిసే ఉంటుంది, కోకాపేట్‌లో తీసుకుంటే మంచిదంటావా, తెల్లాపూర్‌లోనా?" ఎవరికండీ అన్నాను. "మాకే. పిల్ల ప్లస్‌టూ అవగానే వెళ్ళిపోదామని." వాళ్ళావిడ వెనకే ఉంది. పిల్ల కిండర్‌గార్టెన్‌లో ఉన్నప్పటి నుంచీ ఈ మాట వింటున్నానంది.

ఆ రాత్రి ఈ ప్రశ్నల మీద నాకున్న కోపం పోయింది. వీళ్ళు నన్ను ఆపడం లేదు. ఉండిపోయినందుకు తమకి తాము చెప్పుకునే జవాబుని నా ముందు ఒకసారి పైకి చదివి చూసుకుంటున్నారు, అంతే. వెళ్ళిపోయే మనిషి ఎదురుగా కూర్చుని గోంగూర తింటుంటే అది కొంచెం కష్టమే. నేనూ ఇంకో పదేళ్ళుంటే ఎవరి పిల్లకో ఇదే చెబుతాను.

ఆదివారం హామ్ అనే ఊరికి తీసుకెళ్ళారు. అక్కడ శ్రీలంక తమిళులు కట్టుకున్న కామాక్షి అమ్మవారి గుడి ఉంది. 2002లో కుంభాభిషేకం జరిగింది. చుట్టూ ఫ్యాక్టరీ షెడ్లు, లారీలు, మధ్యలో మన వైపు గోపురం. పిన్ని నా పేరున అర్చన చేయించింది. ఏం మొక్కుకున్నావంటే "నీకు మంచి జరగాలని" అంది. ఏది మంచో అడగలేదు నేను.

తిరిగొచ్చేటప్పుడు సంచి ఇచ్చింది. నీళ్ళలో వేస్తే బుసబుసమనే విటమిన్ మాత్రల గొట్టాలు, తాతయ్య మోకాళ్ళకి మందు, చాక్లెట్లు, ఎవరికో కూరగాయల చాకు, ఇంకెవరికో పాప గౌను. కొక్కేనికి తగిలించి తూచే త్రాసు బాబాయి పైకెత్తి పట్టుకున్నాడు. ఆరు కిలోల మీద ముల్లు ఆడింది. నాకు రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. అందులో మాగ్డెబర్గ్ వాట్సాప్ గ్రూపు వాళ్ళ పొట్లాలు అప్పటికే సగం ఆక్రమించాయి. హైదరాబాద్ వెళ్తున్నానని ఒకసారి తెలిస్తే చాలు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా "అక్కా, ఒక్క కిలోనే" అంటారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పెద్దమ్మ కూతురు ఉంది. విమానం అక్కణ్ణుంచే కాబట్టి ఆఖరి రాత్రి వాళ్ళింట్లో పడుకుని, తన పొట్లాలూ కలుపుకోవాలి.

ఇల్లు అప్పగించడానికి ముందు గోడలకి తెల్లరంగు నేనే వేశాను, ఒప్పందంలో ఉంది. మేకులు కొట్టిన బెజ్జాలు ట్యూబులోని పుట్టీతో పూడ్చి, కెటిల్‌లో సున్నం పొర పోవడానికి వెనిగర్ మరిగించి, ఓవెన్ తోమాను. ఓనరు తరఫున వచ్చినాయన టార్చి వేసి తలుపు పైఅంచు మీద వేలితో రాసి చూశాడు. హీటర్లు తిప్పాడు, తాళంచెవులు లెక్కపెట్టాడు, మీటరు అంకెలు రాసుకున్నాడు. సింకు అంచున తెల్ల సిలికాన్ పసుపెక్కిపోయి ఉంది, ఎంత తోమినా పోలేదు. వంగి చూసి, "కుర్కుమా?" అన్నాడు. పసుపే అని ఒప్పుకున్నాను. తనకీ తెలుసట, వాళ్ళావిడ మోకాళ్ళ నొప్పులకి పాలల్లో వేసుకుని తాగుతుందట. తాగితే తగ్గిందా అంటే, కప్పులన్నీ పచ్చబడ్డాయి గానీ నొప్పి అలాగే ఉందన్నాడు. అంత మాట్లాడీ ఫారంలో మాత్రం 'సింకు అంచు, పసుపు మరక' అని రాసేశాడు.

ఫారం ఆఖరున డిపాజిట్ ఏ ఖాతాకి వెయ్యాలని ఒక గడి ఉంది. హీటింగు లెక్కలు తేలాలి కాబట్టి ఆరు నెలల దాకా పట్టొచ్చన్నాడు. నా ఖాతా ఆ నెలతో మూతపడుతోంది. అక్కడే నిలబడి బాబాయికి ఫోన్ చేసి నంబరు అడిగాను. ఇరవై రెండు అంకెలూ అక్షరాలూ రెండుసార్లు వినిపించి రాయించాడు.

"డబ్బు పడగానే నాన్న ఖాతాకి పంపించెయ్యి బాబాయ్."

"పంపనమ్మా. వచ్చి తీసుకెళ్ళు."

వెనక నుంచి పిన్ని గొంతు వినిపించింది. "డబ్బు సంగతి తరవాత, ముందు ఆ సంబంధం ఎవరిదో కనుక్కోండి!"