బండి నడిపేది ఒకరు, ప్రయాణం ఇద్దరిది

గోదావరిఖనిలో రాత్రి పదకొండు దాటిన తరువాత కాసేపు మోటారుసైకిళ్ల చప్పుడు ఊరంతా వినిపిస్తుంది. రెండో షిఫ్టు ముగించుకుని బొగ్గుబాయి నుండి ఇళ్లకు మళ్లే కార్మికుల బండ్లవి. ఆ వేళకు మా కాలనీలో చాలా ఇళ్లలో దీపాలు వెలుగుతూనే ఉంటాయి. ప్రతి ఇల్లాలికీ తన ఇంటి బండి చప్పుడు వేరుగా తెలుస్తుంది. సందు మలుపులో గేరు తగ్గించే తీరును బట్టి, వాకిట్లో స్టాండు వేసే శబ్దాన్ని బట్టి వచ్చింది తనవారేనని గుర్తుపడుతుంది. ఆ తరువాతే కూర వేడి చేయడానికి లేస్తుంది.

మేము భార్యాభర్తలం కలిసి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. మాలో ఒకరికి బండి అంటే ప్రాణం. మరొకరికి ఆ బండి పేరు చెబితేనే గుండె దడ. పద్దెనిమిదేళ్ల కాపురంలో మేము ఎక్కువసార్లు వాదులాడుకున్నది డబ్బు గురించి కాదు, బంధువుల గురించీ కాదు, బండి గురించే.

ముందుగా బండిని ప్రేమించేవారి పక్షం చెప్పాలి. భూగర్భ గనిలో పనిచేసే మనిషికి షిఫ్టు పొడవునా ఆకాశం ఉండదు. టోపీకి తగిలించిన దీపం ఎంత మేర పడితే అంతే లోకం. పీల్చే గాలి కూడా ఫ్యాన్లు పంపించేదే. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు కదలాలి, ఎప్పుడు ఆగాలి అన్నీ నియమాల ప్రకారమే జరగాలి. ఆ నియమాలే ప్రాణాలు కాపాడతాయి గనుక వాటిని తప్పుపట్టడానికి లేదు. అయితే పైకి వచ్చి, స్నానం చేసి, బండి ఎక్కగానే ముఖానికి చల్లగాలి తగులుతుంది. తలపై నక్షత్రాలు కనిపిస్తాయి. ఏ దారిన పోవాలన్నా, ఎంత వేగంతో పోవాలన్నా నిర్ణయం తన చేతిలోనే ఉంటుంది. రోజంతటిలో పూర్తిగా తన ఇష్టప్రకారం గడిచే ఇరవై నిమిషాలు అవే. వాటిని వదులుకోమంటే ఆ మనిషికి మనసు ఒప్పదు.

ఇక్కడ గనులు తెరిచిన 1960లలో మా పెద్దలు హ్యాండిలుకు టిఫిన్ డబ్బా తగిలించుకుని సైకిళ్లపై బాయికి వెళ్లేవారు. తరువాత రాజ్‌దూత్, బజాజ్ చేతక్ బండ్లు అక్కడొకటి ఇక్కడొకటి కనిపించాయి. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక, తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం నడిచే బండి మామూలు జీతగాడి ఇంటి ముందుకూ చేరింది. సొంత జీతంతో కొన్న తొలి బండి కార్మికునికి వస్తువు మాత్రమే కాదు, అది అతని మర్యాద. ఈ ఇష్టంలో తప్పు కూడా లేదు. స్వారీ జంతువులు ప్రయాణానికే కాక శోభకు కూడా అల్లాహ్ ఇచ్చిన వరమని దివ్య ఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరా ఎనిమిదో ఆయతు తెలుపుతుంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనాలో గుర్రప్పందాలు స్వయంగా ఏర్పాటు చేశారని హదీసు గ్రంథాలలో ఉంది.

ఇక ఎదురుచూసేవారి పక్షం. బండి నడిపేవారికి రోడ్డు కనబడుతుంది, ఇంట్లో ఉన్నవారికి కనబడదు. నడిపేవారి ముందు ఉండేది ఒక్క లారీయే. ఎదురుచూసేవారి ఊహలో రోడ్డు నిండా లారీలే. ఇరవై నిమిషాల ప్రయాణం ఇరవై అయిదు నిమిషాలైతే బండి మీద ఉన్నవారికి తెలియదు కూడా. ఇంట్లో ఉన్నవారు ఆ అయిదు నిమిషాలలో ఎన్ని ఆసుపత్రులు తిరిగి వస్తారో వారికే తెలుసు. ఈ భయం వట్టి ఊహ అని కొట్టిపారేయలేం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనాలపై వెళుతున్నవారే.

మా ప్రాంతంలో ఒక విచిత్రం ఉంది. తలకు టోపీ లేకుండా బాయిలోకి ఎవరూ అడుగుపెట్టరు. అదే మనిషి పైకి వచ్చి బండి ఎక్కేటప్పుడు హెల్మెట్‌ను అద్దానికి తగిలిస్తాడు. నడిపేవారూ వెనుక కూర్చునేవారూ హెల్మెట్ ధరించాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. అయినా గని పైకప్పుకు భయపడే మనం రోడ్డుకు భయపడం.

మేమూ అలాగే ఉండేవాళ్లం. మూడేళ్ల క్రితం ఒక వానాకాలపు రాత్రి, రెండో షిఫ్టు ముగించుకుని వస్తుండగా మలుపులో బొగ్గు బురదపై టైరు జారి బండి పడిపోయింది. భుజం ఎముక విరిగింది. తలకు తొమ్మిది కుట్లు పడ్డాయి. హెల్మెట్ మాత్రం చెక్కుచెదరలేదు, ఎందుకంటే అది అద్దానికే వేలాడుతూ ఉంది. వెనుక వస్తున్న తోటి కార్మికులు ఆసుపత్రికి చేర్చారు. అల్లాహ్ దయవల్ల ప్రాణం దక్కింది. ఎలా పడిపోయారని ఎవరు అడిగినా ఒకటే జవాబు: "బురద, జారింది."

వారం తరువాత, పగిలిన ఆ సెల్‌ఫోను బాగుచేయించి తెచ్చినప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆ రాత్రి పదకొండు గంటల ఇరవై నాలుగు నిమిషాలకు ఇంటి నుండి వెళ్లిన కాల్ అందులో ఉంది. దానికి జవాబు లేదు. ఆ తరువాతి కాల్ ఆసుపత్రి దారి నుండి తోటి కార్మికుడు ఇంటికి చేసినదే. ఫోను మోగడం, జేబులోకి చెయ్యి వెళ్లడం, ఒంటి చేత్తో మలుపు తిప్పడం అంతా ఒక్క క్షణంలో జరిగిపోయింది.

"నా భయమే మీ ప్రాణం మీదికి తెచ్చింది. ఎందుకు దాచారు?"

"నువ్వు జీవితాంతం మోస్తావని దాచాను. ఫోను చేసింది నువ్వే, కానీ జేబులో చెయ్యి పెట్టింది నేను. హెల్మెట్ తగిలించింది కూడా నేనే."

ఆ రాత్రి మేమిద్దరం ఏడ్చాం. ఎదుటివారి తప్పు వెదకడానికి అన్నేళ్లు వాదించిన మేము, మొదటిసారి ఎవరి తప్పు వారు చెప్పుకున్నాం.

భుజానికి కట్టుతో ఇంట్లో ఉన్న రోజుల్లో మరొక పాఠం దొరికింది. పిల్లలను బడికి తీసుకువెళ్లడానికి మా ఇంట్లో ఒక స్కూటీ ఉంది. ఒక సాయంత్రం మందుల కోసం స్కూటీపై వెళ్లిన భార్య వానలో చిక్కుకుంది. గంట గడిచింది. అప్పుడు కట్టు కట్టిన భుజంతో వాకిట్లో పచార్లు చేసింది భర్త. మూడుసార్లు ఫోను చేసిందీ ఆయనే. ఆమె వచ్చేసరికి తడిసి ముద్దయింది, కానీ ముఖంలో భయం లేదు. వాన వెలిశాక ఖాళీ రోడ్డుపై గాలి తగులుతుంటే హాయిగా అనిపించిందట, కాస్త చుట్టు దారిన వచ్చిందట! ఆ మాట విని మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఒకరికి ఎదురుచూపు ఎంత బరువో తెలిసింది, మరొకరికి బండిపై ఇష్టం ఎక్కడ పుడుతుందో తెలిసింది.

బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఒక సంఘటన ఉంది. ఒక ప్రయాణంలో అంజషా అనే ఆయన పాట పాడుతూ ఒంటెలను తోలుతున్నారు. పాటకు ఒంటెలు వేగం పుంజుకున్నాయి. వాటిపై స్త్రీలు ఉన్నారు. దైవప్రవక్త (స) వారిని గాజుపాత్రలతో పోల్చి, నెమ్మదిగా తోలమని అంజషాను హెచ్చరించారు. బండి వెనుక భార్యను కూర్చోబెట్టుకున్నప్పుడే ఈ హదీసు వర్తిస్తుందని మేము అనుకునేవాళ్లం. వెనుక సీటు ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఆ గాజుపాత్ర ఇంట్లో దీపం ముందు కూర్చుని ఉంటుందని ఇప్పుడు అర్థమైంది. బండి పడితే పగిలేది అది కూడా. అలాగే ఖైబర్ నుండి తిరిగివచ్చేటప్పుడు హజ్రత్ సఫియ్యా (రజి) ఒంటె ఎక్కడానికి దైవప్రవక్త (స) తన మోకాలిని మెట్టుగా ఉంచారు. జీవిత భాగస్వామి ప్రయాణాన్ని సుఖంగా, క్షేమంగా చేయడం మగతనానికి చిన్నతనం కాదని ఆ మోకాలు మనకు నేర్పుతున్నది.

ఇప్పుడు మా ఇంట్లో కొన్ని ఒప్పందాలు ఉన్నాయి. బాయి నుండి బయలుదేరేటప్పుడు ఇంటికి ఒక మిస్డ్ కాల్ వస్తుంది. ఆ తరువాత ఫోను మోగకుండా చేసి టిఫిన్ సంచిలో పెట్టాలి. నలభై నిమిషాల వరకు ఇంటి నుండి ఫోను చేయకూడదు. ఆ సమయం జిక్ర్‌కు, దుఆకు. దూరం ఎంత తక్కువైనా, బండిపై ఎంతమంది ఉంటే అన్ని హెల్మెట్లు ఉండాలి, వాటి పట్టీలు బిగించి ఉండాలి. రాత్రి షిఫ్టు తరువాత కళ్లు మూతపడుతుంటే ఒక కునుకు తీసి బయలుదేరాలి, ఆలస్యమైందని ఎవరూ అడగరు. "బండి అమ్మేయండి" అన్న మాట ఇంట్లో వినిపించకూడదు. దానికి బదులు నెలకు ఒక సెలవు రోజున ఇద్దరం అదే బండిపై గోదావరి వంతెన దాకా వెళ్లివస్తాం. నది మీది గాలి ఇద్దరికీ తగలాలి కదా.

బండి ఎక్కగానే చదివే సవారీ దుఆ జుఖ్రుఫ్ సూరాలోనిది. వాహనాన్ని మనకు లోబరచినది అల్లాహ్ అనీ, చివరకు మనమంతా ఆయన వద్దకే మరలిపోవలసినవారమనీ అది గుర్తుచేస్తుంది. ఆ దుఆ పెదవులపై ఉన్నప్పుడు చెయ్యి యాక్సిలరేటర్‌ను అంత గట్టిగా తిప్పదని మా అనుభవం. గని నుండి, పొలం నుండి, దుకాణం నుండి ఇంటికి మళ్లే ప్రతి బాటసారినీ అల్లాహ్ క్షేమంగా చేర్చుగాక! వాకిట్లో దీపం పెట్టుకుని ఎదురుచూసే ప్రతి హృదయానికీ ఆయన నెమ్మది ప్రసాదించుగాక! ఆమీన్.