భాషకో చిన్న గీత

మేము రాయ్‌పూర్‌కు బదిలీ అయి దేవేంద్ర నగర్‌లో దిగిన ఏడాది మాట. ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. బ్యానరు వేయిద్దామని మేమూ పిల్లలూ దగ్గర్లోని ఫ్లెక్సు దుకాణానికి వెళ్లాం. అక్కడి కంప్యూటర్లో తెలుగు ఫాంటు లేదు. మేము పంపిన వాక్యమంతా వరుసగా ఖాళీ చదరాలై కనిపించింది. "మన తెలుగు డబ్బాలైపోయింది మేడమ్!" అని పిల్లలు ఒకటే నవ్వు.

సరే, అక్షరాలు మనమే గీద్దామనుకున్నాం. చేతిలో కంపాసు, స్కేలు. జర్మనీలో పాల్ రెన్నర్ 1927లో తెచ్చిన ఫ్యూచురా ఫాంటును పిల్లలకు చూపించాం. లాటిన్‌లో ఆ పేరుకు భవిష్యత్తు అని అర్థం. గుండ్రాలు, త్రికోణాలు, నిలువు గీతలు తప్ప అలంకారం ఉండదు. 1969లో అపోలో 11 చంద్రుడి మీద వదిలి వచ్చిన ఫలకం మీది అక్షరాలు అవే.

మనవి ముందే గుండ్రని అక్షరాలు. తాటాకు మీద గంటంతో అడ్డగీత గీస్తే ఆకు చీలుతుందని మన పెద్దలు వంపులు తిప్పారంటారు. మన పక్కనున్న ఒడియా లిపికీ ఇదే కథ చెబుతారు. కాబట్టి కంపాసుతో తెలుగు సులువే అనుకున్నాం. గీస్తే గాని కష్టం తెలియలేదు. గీతలు కలిసే చోటల్లా నల్లగా ముద్దకట్టింది. అక్కడ కాస్త సన్నం చేస్తే గాని కంటికి సమంగా కనిపించలేదు.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె గీసిన అక్షరాలు అందరికీ నచ్చాయి. అచ్చం అంతరిక్ష నౌక మీద రాతలా ఉన్నాయి. కాని 'భ' కింద చిన్న గీత అందం చెడగొడుతోందని తీసేసింది. 'తెలుగు బాషా దినోత్సవం' అయింది. "రజనీకాంత్ సినిమానా?" అన్నాడు వెనక బెంచీ అబ్బాయి. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా ఇంట్లో అమ్మ కూడా బాష అనే అంటుంది కదా మేడమ్" అంది.

మేము నవ్వలేకపోయాం. హిందీలో ఆ మాటను తప్పు లేకుండా రాసే పిల్ల అది. తెలుగు మాత్రం చెవితోనే నేర్చుకుంది, చదివే అవకాశం ఏ ఊళ్లోనూ సరిగ్గా దొరకలేదు. మా ఇంట్లో పిల్లల సంగతీ అంతే. ఆ గీతను ఎలా కలపాలో అందరం కలిసి ఆలోచించాం. చివరికి పొట్టిగా, నిటారుగా, మిగతా గీతలంత మందంతో పెట్టాం. అక్షరం ఇంకా కొత్తగానే ఉంది, ఇప్పుడు చదవడానికీ వస్తోంది.

మార్చిలో వాళ్ల నాన్నగారికి బదిలీ అయింది. వెళ్లే ఊళ్లో తెలుగు టీచరు లేరట. ఆ అట్టను చుట్టచుట్టి తనతో తీసుకెళ్లింది.

పిల్లలూ, మీరూ రేపో మాపో సామాన్లు సర్దుకునేవాళ్లే. బరువైనవి వదిలేయండి. ఆ చిన్న గీతను మాత్రం మరచిపోకండి.