పాడినోళ్ల పేరు కూడా రాద్దాం



కంచరపాలెంలో రూం తీసుకుని చదువుకుంటున్నాను. రాత్రిళ్లు గూడ్సు బండ్ల చప్పుడుకి నిద్ర పట్టకపోతే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఏదో ఒకటి వింటుంటా. అలా ఒకరోజు ఫిన్లాండ్‌కి చెందిన సిబీలియస్ సంగీతం తగిలింది. పేరు ఫిన్లాండియా. మాటల్లేవు, అన్నీ వాయిద్యాలే. మొదట బూరలు గర్జించినట్టు వస్తాయి. తర్వాత ప్రార్థన లాంటి నెమ్మదైన వరస ఒకటి వస్తుంది. అర్థం కాకపోయినా ఒళ్లు జలదరించింది.

ఆ తర్వాత దాని గురించి చదివాను. అప్పట్లో ఫిన్లాండ్ రష్యా చక్రవర్తి కింద ఉండేది. పత్రికల నోరు నొక్కేస్తుంటే, 1899లో ఆ పత్రికల కోసం జరిపిన సభలకి కట్టిన సంగీతం ఇది. ఆ దేశం 1917లో స్వతంత్రమైంది.

సిబీలియస్ ఇంట్లో మాట్లాడింది స్వీడిష్. చదువుకున్నోళ్ల భాష అదే. ఫిన్నిష్ పల్లెటూరోళ్ల భాష. అంతకుముందే ఎలియాస్ లోన్‌రోట్ అనే డాక్టరు ఊరూరా తిరిగి, జనం నోటికి పాడుకునే పాటలు రాసుకుని 1835లో కలేవాలా అనే పుస్తకం తెచ్చాడు. అందులోని కుల్లెర్వో కథతోనే సిబీలియస్ 1892లో తన మొదటి పెద్ద సంగీతం చేశాడు.

దానికి ముందు ఏడాది ఆయన లారిన్ పరాస్కే అనే పల్లెటూరి ఆవిడ పాట విన్నాడు. ఆమెకి వేల పంక్తులు నోటికొచ్చు. సిబీలియస్ పేరు ప్రపంచమంతా తెలిసింది. ఆమె 1904లో పేదరికంలోనే పోయింది. అయినా ఆమె పాటలు, పేరు మిగిలాయంటే కారణం ఒకటే. ఆమె పాడుతుంటే పక్కన కూర్చుని రాసుకున్నోళ్లు ఉన్నారు.

మన దగ్గర సకిని రామచంద్రయ్య గారు డోలి వాయిస్తూ సమ్మక్క సారలమ్మ కథ, కోయ పూర్వీకుల కథలు చెప్పేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూశారు.

ఇక నా సంగతి. మా అవ్వ కువిలో పాడుతుంది. ఆమె ఫోన్ చేస్తే నేను రూం బయటకెళ్లి మాట్లాడేవాణ్ణి. లోపలోళ్లు మన మాట విని నవ్వుతారని సిగ్గు. మొన్న ఇటుకల పండక్కి ఇంటికెళ్లి, ఫోన్లో రికార్డింగ్ పెట్టి పాడమన్నాను.

"ఇదెవరికి వినిపిస్తావురా?" అంది.

"నాకే అవ్వా" అన్నాను.

పాడుతూ పాడుతూ సగంలో ఆగిపోయింది. మిగతాది వాళ్లక్కకి వచ్చంట. ఆ పెద్దవ్వ పోయి రెండేళ్లయింది. నేను రెండేళ్లు ఆలస్యంగా అడిగాను.

మనం థింసాని స్టేజీ ఎక్కించి చప్పట్లు కొట్టించుకుంటాం. తుడుము ఎవరు వాయించారో, మోరి ఊదిందెవరో ఒక్కసారైనా పేరు చెప్తున్నామా? రేపు మనోళ్లలోనే ఒక సిబీలియస్ పుట్టొచ్చు. అప్పుడు అతనికి వినడానికి పాటలుండాలి కదా.

తమ్ముళ్లు, చెల్లెళ్లు, ఈసారి ఇంటికెళ్లినప్పుడు పెద్దోళ్లని అడిగి, వాళ్లు సరేనంటేనే రికార్డు చెయ్యండి. కింద పాడినోళ్ల పేరు, ఊరు, భాష, తేదీ రాయండి. మా అవ్వ సగం పాట మీ ఊళ్లో ఎవరికైనా పూర్తిగా వచ్చేమో. కువి వచ్చినోళ్లు చెప్పండి, ఆడియో పంపిస్తాను.