కోడలికి సెలవు ఎవరిస్తారు?

నెల్లూరు నుంచి మైపాడు పాతిక కిలోమీటర్లు. ఇందుకూరుపేట దాటితే రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల గుంటలు, వాటిలో నీళ్ళు చిమ్ముతూ తిరిగే ఏరేటర్లు, నడుమ నడుమ కొబ్బరి చెట్లు, మిగిలిన చోట వరి. సెలవు రోజుల్లో మైపాడు బీచ్‌కు జనం బాగానే వస్తారు. నేను వెళ్ళింది బీచ్‌కు ఎడంగా ఉన్న ఒక మత్స్యకారుల పల్లెకు. ఊరి పేరు రాయవద్దని ఆ ఇంటివాళ్ళు అడిగారు, రాయడం లేదు.

ఆ ఇంటి పెద్దామెకు డెబ్బై దాటాయి. పడవలు ఒడ్డుకు రాగానే గంప నింపుకుని ఊరూరూ తిరిగి చేపలమ్మి ముగ్గురు బిడ్డల్ని పెంచిన మనిషి. డబ్బు లెక్కలో తేడా రావడంతో జబ్బు బయటపడింది. ఇచ్చినవాళ్ళనే మళ్ళీ బాకీ అడిగేది, అడగాల్సినవాళ్ళను వదిలేసేది. గాలి సోకిందని ఏడాది పాటు తాయెత్తులు కట్టించారు. ఆ తర్వాతే నెల్లూరులో నరాల డాక్టరుకు చూపించారు. ఆయన ముందు థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించి, తలకు స్కాన్ తీయించి, అప్పుడు అల్జీమర్స్ అని చెప్పాడు. మతిమరుపు మొదలైన అందరికీ ఆ పరీక్షలు జరగాలి. మతిమరుపులాగే కనిపించి మందులతో తగ్గే జబ్బులు కొన్ని ఉన్నాయి. వయసు మీద పడిందిలే అని వదిలేస్తే అవి కూడా ముదిరిపోతాయి.

ఇప్పుడు ఆమెకు కొడుకు పేరు గుర్తు లేదు. కోడల్ని ‘అమ్మా’ అని పిలుస్తుంది.

నేను చేరేసరికి స్నానం వేళ. ఇలాంటి రోగులున్న ఇళ్ళలో పెద్ద గొడవలు ఎక్కువగా స్నానం దగ్గరే మొదలవుతాయి. ఎవరో తెలియని మనిషి వచ్చి చీర లాగుతుంటే ఎవరైనా కేకలేస్తారు, గోళ్ళతో రక్కుతారు. పెద్దామె మనసులో జరిగేది అదే. కోడలు తొందరపెట్టలేదు. నీళ్ళు గోరువెచ్చగా కాచి, బకెట్ ముందు పీట వేసి, అత్త భుజాల మీద తువ్వాలు కప్పింది. చెంబు అత్త చేతికే ఇచ్చింది. ముందు పాదాల మీద పోయించింది, తర్వాత మోకాళ్ళ మీద. పోయిస్తూ పోయిస్తూ, “ఈ పొద్దు నెత్తళ్ళు బాగా పడినాయంట అత్తా, ఎంతకిద్దాం?” అని అడిగింది. పెద్దామె ధర చెప్పింది. ముప్పయ్యేళ్ళ కిందటి ధర. “అంతకిస్తే మనకేం మిగలదే” అంటూ కోడలు బేరం పెంచింది. ఆ బేరంలో పడి పెద్దామె నీళ్ళు తానే పోసుకుంది. వీపు రుద్దడం, జుట్టు తుడవడం మాత్రం కోడలు చేసింది. తువ్వాలు కింద పడనివ్వలేదు.

డాక్టర్లు, నర్సులు శిక్షణలో నేర్పేదీ ఇదే. ఒంటిమీద బట్ట ఉంచాలి, చేతనైన పని చేయనివ్వాలి, వాదించకూడదు. ఈమెకు ఎవరూ నేర్పలేదు. ఐదో తరగతి చదివింది. దెబ్బలు తిని, ఏడ్చి, తనే కనిపెట్టుకుంది.

గాలి ఎక్కువైన రోజు ఇంకో కష్టం. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను పెద్దామె మనసులో ఈనాటికీ తగ్గలేదు. కొబ్బరాకులు కొట్టుకునే చప్పుడు వినగానే గుడ్డలు మూటగట్టి బిడ్డల కోసం వెతుకుతుంది. ఆ బిడ్డలకు ఇప్పుడు నడివయసు. మొదట్లో “తుఫానేం లేదు, కూర్చో అత్తా” అని కోడలు గదమాయించేదట. అప్పుడు పెద్దామె ఇంకా బెదిరి రోడ్డు మీదికి పరుగెత్తేది. ఇప్పుడు, “పిల్లకాయలందరూ బళ్ళో ఉండారత్తా, అన్నం తినేసి మనమూ పోదాం పా” అంటుంది. అన్నం తినేలోపు భయం తగ్గుతుంది. ముళ్ళు తీసుకోవడం చేతకాదు కాబట్టి ఆమె పులుసులో ముక్కలు కోడలే చిదిమి, వేళ్ళతో వెతికి పెడుతుంది.

రాత్రి మూడింటికి పెద్దామెకు మెలకువ వస్తుంది. పడవలొచ్చే వేళ అది. లేచి గంప కోసం వెతుకుతుంది. ఇంటికి ఒక పక్క సముద్రం, వెనక రొయ్యల గుంట, ఇంకాస్త దూరంలో బకింగ్‌హాం కాలువ. కింది గడియ తీయడం చేతులకు అలవాటే, అందుకని చేయి అందనంత ఎత్తులో ఇంకో గడియ బిగించారు. మేక మెడలోని గంట విప్పి తలుపుకు కట్టారు. ఆ గంట కదిలితే కోడలు లేవాలి. నాలుగేళ్ళుగా ఆమె తెల్లవార్లూ నిద్రపోయిన రాత్రి లేదు. నడుం నొప్పి ఉంది, చూపించుకోలేదు. చెల్లెలి కూతురి పెళ్ళికి పోలేదు. ఆడబిడ్డ పండక్కి వచ్చి, “మా అమ్మ చిక్కిపోయింది వదినా” అని వెళ్ళిందట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం కోడలి గొంతు మారింది.

డబ్బిచ్చి మనిషిని పెట్టుకుంటే సరిపోదా అని అడగవచ్చు. వీళ్ళు పట్టపువాళ్ళు, ఈ తీరంలో చేపలు పట్టే కులం. ఇంట్లో తమిళం కలిసిన తమ మాట, బయట తెలుగు. జబ్బు ముదిరేకొద్దీ తర్వాత నేర్చిన భాష ముందు జారిపోవడం చాలామందిలో కనిపిస్తుంది. పెద్దామెకు కూడా తెలుగు తగ్గి చిన్ననాటి మాటే మిగులుతోంది. నెల్లూరు టౌను నుంచి వచ్చిన ఆయాకు ఆమె దాహమని అడిగినా అర్థం కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (అల్జీమర్స్ వంటి మతి తప్పే జబ్బులు) రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష మాట్లాడేవాళ్ళకంటే రెండు అంతకుమించి మాట్లాడేవాళ్ళలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. బడి ముఖం చూడనివాళ్ళలోనూ ఆ తేడా ఉంది. ఈ తీరంలో రెండు మాటలతో బతికినవాళ్ళకు అది కలిసొచ్చి ఉండవచ్చు. జబ్బు వచ్చాక మాత్రం వాళ్ళ తొలి మాట తెలిసిన మనిషే పక్కన ఉండాలి.

విడవలూరు వైపు ఇలాంటి జబ్బే ఉన్న ఇంకో ఇల్లు చూశాను. రిటైరైన మేస్టారు, భార్య లేదు, కొడుకులిద్దరూ అమెరికాలో ఉన్నారు. పగలొకరు, రాత్రొకరు మనుషుల్ని పెట్టారు. ప్రతి గదిలో కెమెరా ఉంది. పగలు చూసే అమ్మాయి ఆసుపత్రిలో రోగుల్ని లేపడం, పడక మార్చడం నేర్చుకుంది. మతి తప్పినవాళ్ళతో ఎలా మసలాలో ఆమెకూ ఎవరూ చెప్పలేదు. “ఆయన భయపడి చెయ్యి లేపుతాడక్కా. నేను వెనక్కి జరిగి, కాసేపాగి నీళ్ళిస్తా, మామూలైపోతాడు” అంది. సాయంత్రం మేస్టారికి కుదురు ఉండదు, ఇంటికి పోవాలంటాడు. అప్పుడామె పలక తీసుకుని ఆయన ముందు కూర్చుంటుంది. ఆయన డిక్టేషన్ చెప్తాడు, ఆమె రాస్తుంది. చెప్పిన మాటే పదిసార్లు చెప్తాడు, ఆమె పదిసార్లూ రాస్తుంది. సుద్దముక్కతో ఆయన టిక్కు పెట్టేటప్పుడు చేయి వణకదు. అంత పని చేస్తున్న అమ్మాయి నెలసరి నొప్పితో ఉన్నా, బదులు మనిషి దొరికితేనే ఇంటికి పోగలదు.

రెండిళ్ళకూ దగ్గర్లో గ్రామీణ ఆరోగ్య కేంద్రాలున్నాయి. ఒకచోట పనిచేస్తున్న నర్సమ్మతో మాట్లాడాను. బీపీ, షుగరు ఇంటింటికీ చూస్తారు, ట్యాబ్‌లో ఎక్కిస్తారు. మతిమరుపు గురించి ఎలా అడగాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. “చాలా ఇళ్ళల్లో ఉంది మేడం, అడిగితే ఏం చెప్పాలో మాకు చెప్పండి” అంది. ఆమె మాట నిజమే. దేశవ్యాప్త సర్వే ఆధారంగా 2023లో వచ్చిన అంచనా ప్రకారం అరవై దాటినవాళ్ళలో నూటికి 7.4 మందికి డిమెన్షియా ఉంది. మొత్తం 88 లక్షల మంది. పట్టణాల్లో 5.3 శాతమైతే పల్లెల్లో 8.4. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఎక్కువ. డాక్టర్లు పట్నంలో ఉన్నారు, జబ్బు పల్లెలో ఎక్కువగా ఉంది.

దీనికి దారి లేకపోలేదు. గోవాలో 81 కుటుంబాలతో ఒక ప్రయత్నం చేసి 2008లో ఫలితాలు ప్రకటించారు. స్థానిక భాష వచ్చిన మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, డాక్టరు పర్యవేక్షణలో ఇళ్ళకు పంపారు. జబ్బేమిటో చెప్పడం, స్నానానికి, తిండికి, రాత్రి మెలకువలకు ఉపాయాలు చెప్పడం, ఇంట్లో మిగతావాళ్ళు పని పంచుకునేలా కూర్చోబెట్టి మాట్లాడటం వాళ్ళ పని. చూసుకునేవాళ్ళ మానసిక స్థితి మెరుగుపడింది. మనకు ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ప్రతి ఊళ్ళో ఉన్నారు. నెల మొదట్లో పింఛను ఇవ్వడానికి సచివాలయం ఉద్యోగి గడప దాకా వస్తున్నారు. అంతమంది తొక్కే గడపలో కోడలి కష్టం అడిగేవాళ్ళు ఒక్కరూ లేకపోవడం నాకు మింగుడుపడటం లేదు. కొత్త ఉద్యోగాలు అక్కర్లేదు, ఉన్నవాళ్ళకు కొన్నాళ్ళు శిక్షణ ఇవ్వాలి.

వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నాలుగు వేలు. పూర్తిగా మంచం పట్టిన పక్షవాత రోగులకు పదిహేను వేలు. డిమెన్షియా పేరుతో విడిగా పింఛను లేదు. నడవగలిగి, దారి మాత్రం తెలియని మనిషికి కాపలా మంచంలో ఉన్నవాళ్ళకంటే ఎక్కువ కావాలి. ఈ సంగతి ప్రభుత్వం గుర్తించాలి.

ఇంకొకటి. తట్టుకోలేక కొందరు మందుల షాపులో అడిగి మత్తు బిళ్ళలు వేస్తున్నారు. మతిస్థిమితం తప్పినవాళ్ళకు వాడే మందుల్లో కొన్ని డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణాలను పెంచుతున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. డాక్టరు రాయకుండా ఒక్క బిళ్ళ కూడా వేయకండి. పెద్దవాళ్ళ సాయానికి 14567, చూసుకునేవాళ్ళ మనసు బాగాలేకపోతే టెలీమానస్ 14416. ఫోనుకు డబ్బు ఖర్చు కాదు.

మీ బంధువుల్లో ఇలాంటి ఇల్లు ఉంటే, ముసలామె చిక్కిందా అని అడగకముందు అక్కడున్న ఆడమనిషి నిద్రపోయిందా అని అడగండి. వారానికి ఒక పూట వెళ్ళి కూర్చోండి, ఆమెను డాక్టరు దగ్గరికో పుట్టింటికో పోనివ్వండి. ఆడబిడ్డలైతే వారం రోజులకు తగ్గకుండా వెళ్ళండి. వెళ్ళేముందు ఆ స్నానం ఎలా చేయిస్తున్నారో ఒకసారి దగ్గరుండి చూడండి.