గాలి, కొండ, పడవ వేళ

స్కాట్లాండ్ పశ్చిమాన ఉన్న ఆరన్ ద్వీపం చుట్టూ సాగే రహదారి పొడవు దాదాపు 90 కిలోమీటర్లే అయినా, దానిని ఒక్క రోజులో సైకిల్‌పై చుట్టిరాదలచినవారికి ఆ దూరం ఒక్కటే ప్రమాణం కాజాలదు. ద్వీపం గుండా పోయే హైలాండ్ సరిహద్దు భ్రంశానికి, అనగా భూపటలం చీలి ఇరువైపుల శిలలు స్థానం తప్పిన రేఖకు, ఉత్తరాన 874 మీటర్ల గోట్ ఫెల్ వంటి గ్రానైట్ శిఖరాలు ఉండగా, దక్షిణాన తక్కువ ఎత్తు గుట్టలు పరచుకొని ఉన్నాయి. పటం చూచినవారు ఉత్తరభాగమే కష్టమని భావించడం సహజం. కాని రహదారి శిఖరాల జోలికి పోక అక్కడ లాక్‌రాంజా, సానక్స్‌ల మధ్య ఒకే పెద్ద ఎక్కుడును దాటుతుండగా, దక్షిణాన ఎడతెగని మిట్టపల్లాలతో కాళ్ల సత్తువను తోడివేస్తుంది.

ఇక్కడి ప్రబల పవనం, అనగా తరచుగా వీచే గాలి, నైరుతి నుంచి వస్తుంది. బ్రాడిక్ రేవులో పడవ దిగి దక్షిణంగా బయలుదేరి, గడియారపు ముళ్లు తిరిగే దిశలో సాగితే, మిట్టపల్లాలు ఉదయపు ఓపికతోనే ముగిసి, మాక్రీ నిలువురాళ్లున్న పడమటి తీరంలో ఆ గాలి వెనుక నుంచి తోడ్పడుతుంది. బ్రిటన్‌లో వాహనాలు ఎడమవైపు నడుస్తాయి కనుక సముద్రమూ ఆ పక్కనే ఉంటుంది. అలసినవారికి ద్వీపం నడుమగా బ్రాడిక్‌కు చేర్చే ‘స్ట్రింగ్’ అనే అడ్డదారి ఉన్నా, అదీ కొండ ఎక్కేదే.

చివరి పడవ వేళ మార్చరానిది గనుక, లెక్కను అక్కడి నుంచి వెనుకకు వేసి, వానకూ పంక్చర్‌కూ ఆగి చూడవలసిన చోట్లకూ కొంత వ్యవధిని ముందే కేటాయించడం వివేకం. ద్వీపమంతా చుట్టామన్న తృప్తిని అవసరమైతే వదులుకోగల యాత్రికునికే అటువంటి లెక్క కుదురుతుంది.