మంచుకొండకు రెండు దారులు

అమెరికాదేశమున కొలరాడో రాష్ట్రపు ముఖ్యపట్టణమగు డెన్వరునందు మా తమ్ముడు ఉద్యోగము చేయుచున్నాడు. మొన్నటి శీతకాలమున నేనచ్చట రెండు మాసములు గడిపి వచ్చితిని. ఆ పట్టణమునకు పడమట రాకీ పర్వతములు గోడవలె నిలిచియుండును. కాళ్ళకు పొడవైన బద్దలు తగిలించుకొని మంచువాలుపై జారెడి స్కీ క్రీడకు జనులు వేలకొలది ఆ కొండలకు పోవుదురు. కొండపై జారుటకంటె కొండను చేరుటయే కష్టమని మొదటి శనివారముననే తెలిసికొంటిని.

ఆనాడు ఏడున్నరకు కారులో బయలుదేరితిమి. డెబ్బదవ నంబరు రహదారియే ఆ కొండలలోనికి పెద్దదారి. ఇరుకైన క్లియర్ క్రీక్ లోయలో అది చాలమేర ఒక్కొక్క దిక్కునకు రెండేసి వరుసలుగా మాత్రమే సాగును. పైన 11,158 అడుగుల యెత్తున ఐసెన్‌హోవర్ సొరంగము కలదు. దాని మొదటి మార్గమును 1973లోను, రెండవదానిని 1979లోను తెరచిరి. ఆవలనున్న క్రీడాస్థలములకు అదియే ముఖ్యద్వారము. పట్టణమంతయు ఒక్కవేళకే ఆ ద్వారమునకు పోయిన నేమగును? ఐడహో స్ప్రింగ్స్ అను ఊరు చేరకమునుపే మా బండి చీమవలె ప్రాకి, తుదకు నిలిచిపోయెను. ఏడేండ్ల మేనల్లుడు వాంతి చేసికొనెను. “పెరుగన్నము కట్టుటకు నీవు చేసిన ఆలస్యమే యిది!” అని తమ్ముడు మరదలిపై విసుగుకొనెను. ఆమె మాటాడక కిటికీవైపు తిరిగి కన్నులు తుడుచుకొనెను. మంచును తాకకయే ఇల్లు చేరితిమి.

పొరుగింటి ముసలమ్మగారు మా కథ విని నవ్విరి. “శనివారము పోవలెనన్న తెల్లవారుజామున అయిదింటికి ముందే ఊరు దాటవలెను. ఆదివారము మధ్యాహ్నము తిరుగక, అచ్చటనే రాత్రి భోజనము ముగించి రావలెను. సెలవు దొరికిన మంగళ బుధవారములు మేలు. బయలుదేరుటకు ముందు రహదారిశాఖవారి సమాచారము చూడుడు” అనిరి. సెప్టెంబరు 1 మొదలు మే 31 వరకు ఆ దారిన పోవు బండ్లకు మంచుకు తగిన టైర్లయినను, వెంట గొలుసులయినను ఉండవలెనట.

మరుసటి శనివారము మేము కారునే విడిచితిమి. రాత్రియే పులిహోర కట్టుకొని, ఉదయము యూనియన్ స్టేషనులో వింటర్ పార్క్ రైలెక్కితిమి. శీతకాలమున మాత్రమే, కొన్ని వారములందే అది నడచును. చిన్న సొరంగము లెన్నియో దాటి, 1928లో తెరచిన మోఫట్ సొరంగము ప్రవేశించెను. దాని నిడివి ఆరు మైళ్ళకు పైమాట. పొగ లోనికి రాకుండ పెట్టెల నడుమ తిరుగవలదనిరి. ఆ చీకటిలో మేనల్లునికి పాండవులు లక్కయింటినుండి బిలమార్గమున తప్పించుకొన్న కథ చెప్పితిని. “అక్కడ కూడా కార్లు ఆగిపోయాయా అత్తా?” అని వాడడుగగా పెట్టెలోని వారమెల్లరము నవ్వితిమి.

వెలుగులోనికి రాగానే క్రీడాస్థలము ఎదుటనే యుండెను. సుమారు రెండు గంటల ప్రయాణము. కారు త్రోలు పని లేనందున తమ్ముడు పులిహోర పొట్లము విప్పి మొదట మరదలికే అందించి, “ఆనాటి జాగు నీది కాదులే” అనెను. ఆమె యేమియు పలుకలేదు గాని, తిరుగుప్రయాణమున అతని భుజముపై తలవాల్చి నిద్రించెను.

సోదరీమణులారా! వేలమంది ఒక్కవేళకు బయలుదేరిన తప్పును వంటింటి అరగంటపై మోపుట మన యిండ్లలోను ఉన్నదే. వేళ మార్చినను, దారి మార్చినను ఆ నింద తప్పును.